సారామూయో

మొదలు నేను తినేటందుకు పోలే,
మీటర్ చూసేటందుకు పోయిన.
సీతాఫల్‌మండి స్టేషన్ మెట్లు దిగినంక
కుట్టుమిషన్ల రిపేరు దుకాణం పక్కపొంటి
ఆరు స్టూళ్ల హోటల్. కేటగిరీ రెండు, కమర్షియల్.
పోయిన నెల దాక ఆ షటర్ల ఇస్త్రీ దుకాణం ఉండె.
ఇప్పుడు బోర్డు మీద బరీటో అని ఉంది,
ముందల ఒక తీరు, వెనుక ఒక తీరు స్పెల్లింగు.
యూనిట్లు సగానికి పడ్డయ్.
ఇస్త్రీపెట్టె తిన్నంత కరెంటు
ఫ్రిజ్జు తినదని అప్పుడు ఎరుకైంది.

ఓనరు క్లెమెంటు, లాలాగూడ మనిషి.
పదకొండేండ్లు ఓడల వంటోడు.
ఏదో రేవుల ఓడ చెడి ఆగితె
ఒక ముసలామె పొయ్యికాడ నేర్చుకున్న అంటడు.
ఒకపాలి ఇరవై రోజులంటడు,
ఇంకోపాలి మూడు నెల్లంటడు.
నేను రీడింగు రాస్తగని
కథల్ని కొలవ.

బిల్లు చింపి ఇస్తుంటె
"కూసో సారూ" అన్నడు.
వెండికాయితం చుట్టి
ఒక చిన్న దిండు ముందల పెట్టిండు.
అప్పుడే తానం పోసిన పోరగాని లెక్క
వెచ్చగ ఉంది.
ఎక్కడ మొదలువెట్టాలె?
అన్నం లోపలున్నది,
కలిపే చెయ్యికి పని లేదు.
మా అమ్మ ఉంటె అనేది,
సద్దిమూట విప్పకుంటనే తింటున్నవేందిరా అని.
కొరికిన.
కాయితం కూడ కొరికిన.
క్లెమెంటు నవ్వలే.
బస్సు టికెట్టు చింపినట్టు
అంగుళం అంగుళం చింపి చూపిచ్చిండు.

రాజ్మా, అన్నం, ఉల్లిగడ్డ, కొత్తిమీర, నిమ్మరసం.
అందరు మా ఇంట్లోల్లే,
గని ఒకే దుప్పట్ల పండంగ ఎన్నడు చూడలే.
సల్సా అని గిన్నె జరిపిండు.
"టమాట తొక్కు గదా ఇది?" అన్న.
"అంతే" అన్నడు.
అప్పటిసంది ప్రతి పదో తారీకు
ముందు రీడింగు, తర్వాత బరీటో.
పైసలిచ్చే తింట, రేపు మాట రావద్దని.

బతుకమ్మ పోయిన వారం
పొద్దూకినంక ఒకామె వచ్చింది.
తార్నాక యూనివర్సిటీల స్పానిష్ చెప్తదంట.
పేరు ఇట్సెల్, దేశం అదే దేశం.
క్లెమెంటు మూడుసార్లు చేతులు కడిగిండు.
ఆమె నములుతుంటె
మేమిద్దరం ఆ దవడనే చూస్తున్నం,
తనిఖీకి ఏఈ వచ్చిన్నాడు
మీటర్ల చక్రం చూసినట్టు.
సగం తిని, వచ్చీరాని హిందీల చెప్పింది.
"మా దిక్కు ఇది చెయ్యరు.
ఇది ఉత్తరాదోళ్లది.
నేను తినుడు ఇది రెండోసారి."
క్లెమెంటు మొఖంల ఫ్యూజు ఎగిరింది.
ఆమె మిగిలిన సగం కూడ తిన్నది.
కాయితం గోటితోని సాపు చేసి
నాలుగు మడతలు పెట్టింది.

పైసలిచ్చి బయట అడుగువెట్టి
ఆగిపోయింది.
"సారామూయో!"
ఎవలినో పిలిచిందనుకున్న.
బాలామణి గంప ముందట
గొంతుకూసుంది ఆ పిల్ల.
సీతాఫలాలు, వికారాబాద్ అడివివి.
మా పెరట్ల ఉంటది ఈ చెట్టు,
మా నాయనమ్మ పెట్టింది,
అని హిందీ సగం, చేతులు సగం.
బాలామణికి కోపమొచ్చింది.
"సీతమ్మ పేరు మీది పండు బిడ్డా,
మీ దేశంల యాడిది?"
ఆ మాట ఆమెకు సమజ్ కాలే.
గంపల చెయ్యి పెట్టి,
గట్టియి ఇడిసిపెట్టి,
కండ్లు తెరిచిన కాయలే
ఐదు ఏరింది, ఒత్తకుంట.
బాలామణి నా దిక్కు చూసింది.
"దీనికెట్ల ఎరుకనే?"
నాకేం తెలుసు.
ముగ్గురం మెట్ల మీద కూసున్నం.
క్లెమెంటు గల్ల గుడ్డ ఇప్పకుంటనే వచ్చి కూసున్నడు.
గింజలు ఊంచుడు తప్ప
చాలాసేపు ఎవలు ఏం మాట్లాడలే.
ఎంఎంటీఎస్ ఒకటి పోయింది.

ఈ నెల రీడింగు
పదకొండు యూనిట్లు ఎక్కువొచ్చింది.
"మిక్సీ" అన్నడు క్లెమెంటు.
బరీటో కింద సుద్దముక్కతోని
సారామూయో షేక్ అని రాసుంది,
ఈసారి ఒకటే స్పెల్లింగు.
పక్క స్టూలు పోరగాడు
ఏందన్నా అది అని అడిగిండు.
నేను చెప్పలే.
తాగి చూడుమన్న.